శేషాద్రి గారి స్కోరెంత?

ఈ మధ్య గణిత ప్రొఫెసర్ ఎవరి పేరు చెప్పినా ముందు హెచ్-ఇండెక్స్ ఎంతో చూస్తున్నారు. ఒకరు ఎన్ని పేపర్లు రాశారు, వాటిని ఇతరులు తమ పేపర్లలో ఎన్నిసార్లు ప్రస్తావించారు (వీటినే సైటేషన్లు అంటారు) అన్నది కలిపి ఒకే అంకెలో చెప్పే కొలత అది, 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించాడు. బీజగణితం, జ్యామితి కలిసే చోటికి అది అస్సలు అతకదని నా అభిప్రాయం.

గణితవేత్త సి.ఎస్. శేషాద్రి గారినే తీసుకోండి. 1965లో ఎం.ఎస్. నరసింహన్‌తో కలిసి ఆనల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్ అనే గణిత పత్రికలో ఒక పేపర్ రాశారు. రీమాన్ తలం మీద ఉండే స్టేబుల్ వెక్టర్ బండిల్స్‌కీ, యూనిటరీ రిప్రజెంటేషన్లకీ, అంటే జ్యామితి వస్తువుకీ బీజగణిత వస్తువుకీ, నేరుగా లంకె వేసిన పేపర్ అది. 1983లో డొనాల్డ్‌సన్ అదే ఫలితాన్ని అవకలన జ్యామితి దారిలో మళ్లీ నిరూపించాడు. ఇలాంటి సిద్ధాంతానికి ఒకసారి పేరు స్థిరపడ్డాక, చాలామంది ఆ పేరుతోనే వాడేసుకుంటారు, అసలు పేపర్‌ని రిఫరెన్సుల్లో పెట్టాలన్న ఆలోచన కూడా రాదు, అలా ఎంత ఎక్కువ వాడితే లెక్కలోకి అంత తక్కువ వస్తుంది (విచిత్రమే కదా!). డెమాయీ అనే గణితవేత్త ప్రవేశపెట్టిన, శేషాద్రి గారి పేరుతోనే ఉన్న శేషాద్రి స్థిరాంకాలదీ ఇదే కథ.

శేషాద్రి గారితో, లక్ష్మీబాయితో కలిసి స్టాండర్డ్ మోనోమియల్ థియరీ అనే బీజగణిత జ్యామితి సిద్ధాంతం మీద పనిచేసిన ముసిలి గారు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. రింగులు అనే బీజగణిత నిర్మాణాల మీద ఆయన పాఠ్యపుస్తకంతో ఎమ్మెస్సీ గట్టెక్కినవాళ్లు మనలోనే ఉన్నారు, వాళ్లెవరూ సైటేషన్ ఇవ్వలేదు మరి.

2023లో సైటేషన్ల లెక్కలు కట్టే క్లారివేట్ సంస్థ, అత్యధిక సైటేషన్లున్న పరిశోధకుల జాబితా నుంచి గణితాన్నే తీసేసింది. గణితంలో సగటు సైటేషన్లు తక్కువ కాబట్టి కొద్దిపాటి గోల్‌మాల్‌తోనే లెక్కలు తారుమారవుతాయట. మన నియామక కమిటీలు మాత్రం ఇంకా స్కోరే అడుగుతున్నాయి.