హెల్గాఫెల్ కొండలో విందు

ఐస్‌లాండ్ వెళ్తున్నానంటే అందరూ అగ్నిపర్వతాలు చూడమన్నారు, జలపాతాలు చూడమన్నారు. నాకు మాత్రం, పోయినవాళ్ళు ఎక్కడికి వెళ్తారని అక్కడి పాతకాలంవాళ్ళు నమ్మారో ఆ చోట్లు చూడాలని ఉండేది. వల్హల్లా పేరు ఇప్పుడు మన పిల్లలకూ తెలుసు. యుద్ధంలో ఒరిగినవాళ్ళు ఓడిన్ దేవుడి కొలువులో పగలంతా కత్తులు దూసుకుని, సాయంత్రం లేచి కలిసి భోంచేసే చోటు అది. ఒకరకంగా మన వీరస్వర్గమే. కానీ ఐస్‌లాండ్‌కు వలస వచ్చినవాళ్ళలో ఎక్కువమంది గొర్రెలు మేపుకునేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు. జ్వరాలతో పోయారు, పడవలు తిరగబడి పోయారు, పురిట్లో పోయారు. మరి వాళ్ళంతా ఎక్కడికి వెళ్ళినట్టు? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా వదల్లేదు. అక్కడే ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు కారు తీస్తానన్నాడు.

రాజధాని రేక్యవిక్‌లో పాత చేతిరాత ప్రతులను దాచే సంస్థకు 2023లో కొత్త భవనం వచ్చింది. దాని పేరు ఎడ్డా. అక్కడ భద్రపరిచిన వాటిలో కోడెక్స్ రెజియస్ అనే చిన్న పుస్తకం ఉంది. 1270 ప్రాంతంలో దూడ చర్మం మీద రాసింది, ఇప్పుడు మిగిలినవి 45 ఆకులు. నార్స్, అంటే పాత స్కాండినేవియా, దేవతల పద్యాలు చాలావరకు దీనివల్లే మనకు దక్కాయి. 1662లో డెన్మార్క్ రాజు దగ్గరికి వెళ్ళిపోయిన ఈ పుస్తకం 1971 ఏప్రిల్‌లో డెన్మార్క్ నౌకాదళం ఓడలో తిరిగొస్తే, రేవు దగ్గర వేలమంది నిలబడి ఎదురు చూశారు. ఒక పుస్తకానికి అలాంటి స్వాగతం చెప్పిన జనం మీద నాకు అప్పుడే గౌరవం కలిగింది.

ఆ పద్యాల్లో తొమ్మిది లోకాల మాట ఉంది గానీ, ఆ తొమ్మిదీ ఇవీ అని వరసపెట్టి చెప్పిన పాత ప్రతి ఒక్కటీ లేదు. ఇగ్‌డ్రసిల్ మహావృక్షం గీసి, కొమ్మకో లోకాన్ని తగిలించిన పటాలు ఎక్కడ చూసినా కనిపిస్తాయి. అవన్నీ తర్వాతివాళ్ళు కూర్చుకున్నవి.

ఉన్నవాటిని ఒక క్రమంలో పెట్టి చెప్పినవాడు స్నోరి స్టుర్లుసన్ అనే రచయిత. ఆయన ఊరు రేక్‌హోల్ట్, రాజధానికి ఉత్తరాన. 1220 ప్రాంతంలో ఆయన ఎడ్డా అనే పుస్తకం రాసేనాటికి దేశం క్రైస్తవంలోకి వచ్చి రెండు వందల ఏళ్ళు దాటింది. ఆయన స్నానం చేసిన కొలను ఇప్పటికీ ఉంది. దాదాపు 4 మీటర్ల వెడల్పున గుండ్రంగా పేర్చిన రాళ్ళు, పక్కనున్న వేడి ఊట నుంచి రాతి కాలువలో వచ్చే నీళ్ళు. పక్కనే గడ్డి దిబ్బలో ఓ చిన్న చెక్క తలుపు. ఒకప్పుడు ఆ సొరంగంలోంచి ఇంట్లోకి దారి ఉండేది. 1241 సెప్టెంబరులో నార్వే రాజుకు కావలసినవాళ్ళు వచ్చి, నేలమాళిగలో దాక్కున్న స్నోరిని నరికి చంపారు. “నరకొద్దు” అన్నవే ఆయన చివరి మాటలట.

స్నోరి లెక్క ప్రకారం యుద్ధంలో పోయినవాళ్ళు ఓడిన్ దగ్గరికి, జబ్బుతోనో ముసలితనంతోనో పోయినవాళ్ళు హెల్ అనే దేవత రాజ్యానికి వెళ్తారు. అక్కడ నిప్పుల గుండాలు లేవు. చీకటి ఉంటుంది, చలి ఉంటుంది. మాట తప్పినవాళ్ళకూ హంతకులకూ విషం కారే ఒడ్డు ఒకటి వేరే ఉంది. అందరికీ ఇష్టుడైన బాల్డర్, సాక్షాత్తూ ఓడిన్ కొడుకు, చనిపోయి వెళ్ళింది హెల్ దగ్గరికే. అతన్ని వెనక్కి తేవడానికి హెర్మోడ్ అనే వీరుడు గుర్రమెక్కి తొమ్మిది రాత్రులు చీకటి లోయల్లో వెళ్తాడు. బంగారు కప్పున్న వంతెన దగ్గర కాపలా అమ్మాయి అతన్ని ఆపుతుంది. నిన్న ఐదు దండుల శవాలు వంతెన దాటాయి, నువ్వొక్కడివే వాటికి తగ్గకుండా చప్పుడు చేస్తున్నావు, నీ ఒంటి రంగు పోయినవాళ్ళ రంగు కాదు, అంటుంది. బతికున్న మనిషికి బరువుంటుందన్న ఈ ఊహ నాకు వల్హల్లాకున్న 540 తలుపుల కంటే గొప్పగా అనిపిస్తుంది.

మర్నాడు స్నైఫెల్స్‌నెస్ ద్వీపకల్పం వైపు పోయాం. స్టిక్కిషోల్మూర్ అనే రేవు ఊరికి దగ్గర్లో ఉంది హెల్గాఫెల్. నిజానికి నేను ఐస్‌లాండ్ వచ్చింది దీనికోసమే. ఎత్తు 73 మీటర్లే. దూరం నుంచి మామూలు గుట్ట. నార్వే నుంచి వచ్చిన థోరోల్ఫ్ అనే పెద్దమనిషి, తనూ తన వాళ్ళూ పోయాక ఈ కొండలోకే వెళ్తామని నమ్మాడు. మొహం కడుక్కోకుండా ఎవరూ దీనివంక చూడకూడదని, ఇక్కడ మనిషినే కాదు గొడ్డును కూడా చంపకూడదని కట్టడి చేశాడు.

కింద గుద్రున్ అనే ఆవిడ సమాధి ఉంది. నాలుగు పెళ్ళిళ్ళు, ఎన్నో పగలు చూసి చివరికి సన్యాసినిగా ఇక్కడే గడిపిన స్త్రీ. ఆ సమాధి దగ్గర బయల్దేరి, మాట్లాడకుండా, వెనక్కి చూడకుండా పైకెక్కి తూర్పు తిరిగి కోరుకుంటే మూడు కోరికలు తీరతాయంటారు. తమ్ముడూ నేనూ అలాగే ఎక్కాం. పైన నడుం ఎత్తు రాతి గోడలు, ఎదురుగా బ్రెయిదాఫ్యోర్దూర్ అఖాతంలో లెక్కలేనన్ని దీవులు. మనిషిని తోసేసేంత గాలి.

నేను ఉత్తరం వైపు వాలు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. థోరోల్ఫ్ కొడుకు థోర్‌స్టీన్ చేపల వేటకు దీవికి వెళ్ళిన ఓ సాయంత్రం, గొర్రెలు తోలుకెళ్తున్న కాపరి ఒకడు కొండ ఈ వైపునే తెరుచుకోవడం చూశాడు. లోపల పెద్ద మంటలు, విందు కోలాహలం. చెవి ఒగ్గి వింటే థోర్‌స్టీన్‌నీ అతని మనుషుల్నీ లోపలికి ఆహ్వానిస్తున్నారు, తండ్రికి ఎదురుగా ఉన్న పెద్ద పీట మీద కూర్చోమంటున్నారు. కాపరి వచ్చి ఆ మాట అతని భార్య థోరాకు చెప్పాడు. తెల్లారాక కబురొచ్చింది, థోర్‌స్టీన్ సముద్రంలో మునిగిపోయాడని. పాతికేళ్ళవాడు. చేతిలో కత్తి లేకుండా పోయినవాడికి నాన్న ఎదుట చోటు దొరికింది, అదీ తన ఇంటి దగ్గరి కొండలోనే.

తిరుగు దారిలో తమ్ముడు అడిగాడు, “అక్కా, అందరూ మగాళ్ళేనా? ఆడవాళ్ళు ఎక్కడికి పోతారు?”

“బోర్గార్నెస్‌లో ఆపు, చెప్తాను” అన్నాను.

ఆ ఊళ్ళో ఒక పార్కులో స్కల్లాగ్రిమ్ అనే తొలినాటి వలసదారు సమాధి దిబ్బ ఉంది. అతని కొడుకు ఎగిల్ పేరుమోసిన యోధుడు, కవి. మునిగిపోయిన తన కొడుకు బోద్వార్‌ను మోసుకొచ్చి తాత దిబ్బలోనే పెట్టాడు. శవాన్ని పట్టుకుని గుర్రం మీద వస్తున్న తండ్రి శిల్పం పక్కనే ఉంది. ఆ తర్వాత ఎగిల్ గదిలో తలుపేసుకుని తిండీ నీళ్ళూ మానేశాడు. కూతురు థోర్గెర్డ్ వచ్చి, “రాత్రి భోజనం చెయ్యలేదు, ఇక ఫ్రేయా దేవత దగ్గరే చేస్తాను” అని అందరికీ వినబడేలా చెప్పి, తనూ చస్తానని తండ్రి గదిలోకి వెళ్ళింది. ఆడవాళ్ళకు ఫ్రేయా ఇంట చోటుందన్న నమ్మకం ఆ ఒక్క మాటలో మిగిలింది.

“మరి చచ్చిపోయిందా?” అన్నాడు తమ్ముడు.

లేదు. సముద్రపు నాచు నమిలితే తొందరగా పోతామని చెప్పి తండ్రి చేత నమిలించింది. దాహమేసి నీళ్ళడిగితే తెచ్చిన కొమ్ములో ఉన్నవి పాలు. ఎగిల్‌కు తాగాక గానీ తెలియలేదు. ఇప్పుడిక చావు కుదరదు కదా నాన్నా, తమ్ముడి మీద పద్యం చెప్పు, నేను చెక్క మీద చెక్కుతాను అంది. ఆ పద్యంలో కొడుకును సముద్ర దేవత రాన్ లాక్కుందంటాడు, దేవతల ఇంటికి వెళ్ళాడంటాడు, చివర్లో తన కోసం హెల్ సముద్రంలోకి చొచ్చుకొచ్చిన నేల మీద నిలబడి ఉందంటాడు. ఒకే దుఃఖంలో మూడు లోకాలు! పద్యం సాగేకొద్దీ ఎగిల్‌కు ఓపిక వచ్చింది. పూర్తయ్యాక లేచి వెళ్ళి ఇంట్లో తన పెద్ద పీట మీద కూర్చున్నాడు.

“ఆ అమ్మాయిదే తెలివంటే” అన్నాడు తమ్ముడు. ఓడిన్ కంటే ఆమెకే ఎక్కువ దండం పెట్టాలని నాకూ అనిపించింది.