పాత కథల బెజవాడలో నడక: సత్యనారాయణపురం దాకా

పాత కథల్లో మనుషులు నడిచిన దారులు పట్టుకుని బెజవాడలో నడుస్తున్నాను. సత్యనారాయణపురం ముక్క ఎట్టకేలకు తేలింది. కథలో అతను స్టేషన్లో దిగి, గాంధీనగరం మీదుగా నడిచి, రైలు గేటు దగ్గర ఆగిపోతాడు. అవతల ఆమె ఉంటుంది. గూడ్సు బండి ఎంతకీ కదలదు.

ఇప్పుడు గేటూ లేదు, పట్టాలూ లేవు. ఆ రైలు కట్ట తీసేసిన చోటే బీఆర్‌టీఎస్ రోడ్డు, అంటే బస్సులు వేగంగా పోయేందుకని వేసిన రోడ్డు, వచ్చింది. కానీ నడిస్తే తెలుస్తుంది. రైలు ఒక్కసారిగా మలుపు తిరగలేదు కాబట్టి, పక్క వీధులు ఎలా ఉన్నా ఈ రోడ్డు మాత్రం నిదానంగా వంపు తిరుగుతుంది. ఆ వంపులో నడుస్తున్నంతసేపూ నాకు ఒళ్లు పులకరించింది.

దూరాలకు నేను వాడే లెక్క ఇది. ఘడియంటే 24 నిమిషాలు. గంటకు నాలుగున్నర కిలోమీటర్ల నడకైతే ఘడియకు 1.8 కిలోమీటర్లు. కథలో 'అరఘడియ నడిచాడు' అని ఉంటే మ్యాపులో స్టేషన్ చుట్టూ 900 మీటర్ల దూరంలో గుండ్రంగా గీత గీస్తాను. వీధి పేర్లను మాత్రం నమ్మను. బందరు రోడ్డు బోర్డుల మీద మహాత్మాగాంధీ రోడ్డయింది కదా. కొండ, స్టేషన్, కాలువ, కృష్ణ, ఈ నాలుగూ కదలవు.

కాలువలతో ఒక చిక్కుంది. ఊళ్లో బందరు, ఏలూరు, రైవస్ అని మూడున్నాయి. కథకులేమో ఉత్త 'కాలువ' అని వదిలేస్తారు. అప్పుడు పడవ ఎక్కినవాడు ఏ ఊరు వెళ్తున్నాడో చూడాలి. బందరుకైతే బందరు కాలువ, ఏలూరుకైతే ఏలూరు కాలువ. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి, కథలో పడవ ఉంటే వానాకాలం వచ్చాకే ఆ గట్టున నడవడం మంచిది. నీళ్లు లేని కాలువ పక్కన ఆ కథ నాకు అందలేదు.

బయల్దేరడం తెల్లవారి ఐదున్నరకే. బీసెంట్ రోడ్డులో షాపులు తెరిచాక అడుగు పడదు. కథ పేజీల జిరాక్సు, పెన్సిలు, లీటరు నీళ్లు, దారి రికార్డు చేసే ఫోను, ఇవి చాలు.

తర్వాతిది కృష్ణకు అవతలి ఒడ్డునున్న సీతానగరం. ఆ కథ 1957కు ముందుది. ప్రకాశం బ్యారేజీ లేదు, అతను పడవలో దాటాడు. నేను బ్యారేజీ మీద నడిచి దాటి, అవతలి రేవు ఎక్కడుండేదో అక్కడి పెద్దవాళ్లను అడగాలి.