బంతి కావాలంటే కేక వెయ్యాలి

మన బడి పాత విద్యార్థుల సమావేశం సంచికకి ఏదైనా రాయమని ఫోన్ వచ్చినప్పుడు, చదువు గురించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదని ముందే చెప్పేశాను. లెక్కల్లో నాకు ముప్పై అయిదు దాటిన రోజు మా ఇంట్లో పరమాన్నం వండేవారు, అదీ నా చదువు. నేను రాయగలిగింది బడి వెనక చింతచెట్టు పక్కనున్న సిమెంటు బాస్కెట్‌బాల్ కోర్టు గురించే. మీలో చాలామందికి అది ఆగస్టు పదిహేనున మిఠాయి పంచిన చోటుగా గుర్తుంటుంది, ఇంకొందరికి గోడ దూకి పారిపోయిన దారిగా. మాకు, అంటే ఓ పన్నెండు మంది ఆడపిల్లలకి, పొద్దున్న అయిదున్నర నుంచి ఏడు దాకా అది సొంత ఇల్లు. సాయంత్రాలు అబ్బాయిలవి. ఎందుకలా అని అప్పట్లో ఎవరం అడగలేదు.

1996 నాటి మాట. ఒడిశాలో మా గజపతి జిల్లా పుట్టి నాలుగేళ్ళయింది, పర్లాకిమిడి జిల్లా కేంద్రం కావడంతో ఊళ్ళోకి కొత్త ఆఫీసులు, కొత్త ఉద్యోగస్తులు దిగారు. అలా బదిలీ మీద వచ్చినాయనే మా బ్యాంకు మాస్టారు. బ్యాంకులో గుమస్తా, కాలేజీ రోజుల్లో యూనివర్సిటీ జట్టుకి ఆడారు. కోర్టు ఖాళీగా పడి ఉందని చూసి, హెడ్‌మాస్టారి దగ్గరికి వెళ్ళి ఆడపిల్లలకి ఆట నేర్పుతానని తనే అడిగారు. జీతం లేదు, టీ కూడా లేదు. అబ్బాయిలకి ఎందుకు నేర్పరని ఎవరో అడిగితే "వాళ్ళు ఎలాగూ నేర్చుకుంటారు" అన్నారట.

ఆయన పక్కన ఇంకొకరు ఉండేవారు, ఆవిడ గురించి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తాను. మా నర్సమ్మగారు. ఆస్పత్రిలో నైట్ డ్యూటీ దిగి, ఇంటికి పోయి పడుకోకుండా, నేరుగా కోర్టుకి వచ్చి చింతచెట్టు కింద స్టూలు మీద కూచునేవారు. బంతి ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. సగం రోజులు కునికిపాట్లే. కానీ ఆవిడ కూచుంది కాబట్టే మా అమ్మలు మమ్మల్ని పంపారు. కోర్టులో ఒక ఆడమనిషి లేకపోతే ఆ రోజు ఆట లేదు, ఏ అమ్మాయినీ మాస్టారు ఒంటరిగా ఇంటికి దిగబెట్టరు, ఎవరు వచ్చారో ఎవరు వెళ్ళారో నోట్‌బుక్కులో రాయాలి. ఈ మూడు నియమాలూ ఆవిడవే. ఈ రోజు మేం క్లబ్బు నడుపుతున్నదీ ఆ మూడింటి మీదే.

మొదటి రోజు ఏం జరిగిందో చెప్తాను. గుండ్రంగా నిలబెట్టి పాస్‌లు ఇచ్చుకోమన్నారు. ఇచ్చుకున్నాం. పది నిమిషాలు బంతి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. మాస్టారు విజిల్ వేసి, "ఏటమ్మా, నోళ్ళు ఇంటికాడ పెట్టి వచ్చారా?" అన్నారు. మేం నవ్వాం, అదీ చెయ్యి అడ్డం పెట్టుకుని. అప్పుడు నియమం పెట్టారు: ఎవరైనా సరే, పిలిస్తేనే బంతి. పిలవని పిల్లకి పాస్ ఇచ్చిన పిల్ల కోర్టు చుట్టూ ఒక రౌండు. తప్పు పిలవనిదాని మీద కాదు, ఇచ్చినదాని మీద. ఇది ఎంత తెలివైన పనో నాకు పదిహేనేళ్ళ తర్వాత అర్థమైంది. నీ మొహమాటం వల్ల పక్కది పరిగెడుతోందంటే నీకు నోరు పెగులుతుంది.

అయినా అంత తొందరగా పెగల్లేదు. మా మామ్మ లెక్క ప్రకారం ఆడపిల్ల గొంతు వంటింట్లోంచి వీధరుగు దాకా వినపడితే కొంప మునిగినట్టే. అలాంటి ఇంట్లోంచి వచ్చిన నేను మొదటిసారి బంతి అడిగిన తీరు ఇదీ: "అప్పా, కొంచెం బంతి ఇటిస్తావా?" వాక్యం పూర్తయ్యేలోగా అవతలి పిల్ల బంతి లాక్కుని రింగు దాకా పోయింది. ఇంకోపిల్ల టెన్త్ వాళ్ళతో "ఇవ్వండి" అనేది. మర్యాదలన్నీ అయ్యేసరికి ఆటయిపోయేది. పోనీ పేర్లు పెట్టి పిలుచుకుందామంటే మా జట్టులో ముగ్గురు బుజ్జిలు. "బుజ్జీ!" అంటే ముగ్గురూ తిరిగేవారు, బంతి ముగ్గురి మధ్యలోంచి గోడకి తగిలేది. చివరికి పెద్ద బుజ్జి, రైలు బుజ్జి (వాళ్ళిల్లు స్టేషను పక్కన), ఒట్టి బుజ్జి అని స్థిరపడ్డాయి. ఒట్టి బుజ్జి ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, ఇప్పటికీ ఫోన్ ఎత్తి "నేనే, ఒట్టిదాన్ని" అంటుంది.

మేం తెలుగువాళ్ళం, ఒడియావాళ్ళు, కొండల మీద నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సవర పిల్లలు. పెద్ద ఆడపిల్లని మేం అప్పా అంటే ఒడియా పిల్లలు అపా అనేవారు, అక్కడ ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా సవర అమ్మాయితో. రీబౌండుకి ఆమెను మించినవాళ్ళు లేరు, రింగు తగిలిన బంతి ఎటు పడుతుందో ముందే తెలిసినట్టు అక్కడుండేది. కానీ నోరు విప్పేది కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్ళోనే బడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకున్నారని ఏటా ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న ఉపన్యాసం ఇచ్చేవాళ్ళం, పక్కన నిలబడ్డ సవర పిల్లని మాత్రం ఒక్క మాట అడిగి నేర్చుకున్న పాపాన పోలేదు. మాస్టారు ఒక రోజు ఆమెను మధ్యలో నిలబెట్టి, మీ భాషలో "ఇటు" అంటే ఏమంటారో వీళ్ళకి నేర్పమన్నారు. పదకొండు మందిమి తప్పులు పలుకుతుంటే ఆమె మొదటిసారి పగలబడి నవ్వింది. ఆ తర్వాత మా జట్టు మొత్తం ఆ మాటతోనే పిలుచుకుంది. అవతలి జట్టుకి అర్థం కాకపోవడం అదనపు లాభం. ఆ పిల్లే మరుసటేడు కెప్టెన్.

సామాన్ల గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. ఉన్న రెండు బంతులూ ఇప్పుడు మగవాళ్ళు ఆడే ఏడో నంబరువి, ఆడవాళ్ళకి ఆరో నంబరు ఉంటుందని, చుట్టుకొలతలో అంగుళం తక్కువని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. రింగుకి వల ఉండేది కాదు. పెద్ద బుజ్జి వాళ్ళ మేనమామది భావనపాడు వైపు, చేపల వల అల్లే నైలాను తాడుతో ఆయన ఒకటి అల్లి పంపారు. కన్నులు మరీ చిన్నవై బంతి వలలోనే ఇరుక్కుపోయేది. ప్రతి బాస్కెట్‌కీ ఒకరు కర్రతో పొడవాలి. వారం భరించి, కింద కత్తిరించాం.

ఇక బరంపురం మ్యాచ్. బస్సులో పలాస, అక్కడ ప్యాసింజర్ ఎక్కి సోంపేట, ఇచ్ఛాపురం దాటి బరంపురం. అంటే ఒడిశాలో బయల్దేరి, ఆంధ్రాలోంచి పోయి, మళ్ళీ ఒడిశాలో దిగడం. నర్సమ్మగారు సెలవు పెట్టి వచ్చారు. అప్పటి రూల్స్‌లో ఇరవై నిమిషాల హాఫులు రెండు ఉండేవి, పది నిమిషాల క్వార్టర్లు నాలుగు 2000 తర్వాత వచ్చినవి. ఆఖరి నిమిషంలో ఒక పాయింటు వెనక ఉండగా నాకు రెండు ఫ్రీ త్రోలు వచ్చాయి. బోర్డు నుంచి గీత 4.6 మీటర్లు, ఎవరూ అడ్డం రారు, ఎవరూ మాట్లాడరు. నా జీవితంలో అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. మొదటిది రింగు ముందు అంచుకి తగిలింది. రెండోది రింగుకే తగల్లేదు.

ఓడిపోయాం. అదీ బాధే, కానీ మా కెప్టెన్ కోపం వేరే. మాస్టారు ఆ మ్యాచ్‌లో పదిమందినీ ఆడించారు, చేతకాని ఇద్దరితో సహా, రెండు హాఫుల్లోనూ. గట్టి అయిదుగురినే ఉంచి ఉంటే గెలిచేవాళ్ళం, అది నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. రైల్లో కెప్టెన్ అడిగేసింది. ఆయన జవాబు చెప్పలేదు, జేబులోంచి చిన్న నోట్‌బుక్కు తీసి నాకిచ్చారు. పాయింట్లు కావు అందులో, గీతలు. ఒక్కో పేరు పక్కన, ఆ రోజు కోర్టులో ఎన్నిసార్లు గొంతెత్తి పిలిచిందో అన్ని గీతలు. నా పేరు పక్కన పద్దెనిమిది. వెనక పేజీలు తిప్పితే మొదటి నెలలో ఒక్క గీత, కొన్ని రోజులు అదీ లేదు. "ఈ లెక్కల్లో నీకు ముప్పై అయిదు దాటుతాయిలే" అన్నారు. నాకు ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి. పలాసలో దిగాక ఆయన సొంత డబ్బుతో అందరికీ మురీ మిక్చరు కొనిపెట్టారు.

రెండేళ్ళకి ఆయనకి మళ్ళీ బదిలీ అయింది. కోర్టు మళ్ళీ ఖాళీ. స్వచ్ఛందంగా నడిచే ప్రతిదానికీ ఉండే జబ్బే ఇది, ఒక మనిషి వెళ్ళిపోతే అంతే. అందుకే 2011లో నేను ఊరికి తిరిగొచ్చి మొదలుపెట్టినప్పుడు ఒక్కదాన్ని మొదలుపెట్టలేదు, రైలు బుజ్జిని లాగాను, పాతపట్నం నుంచి రోజూ స్కూటీ మీద వచ్చే ఒక పీఈటీ మేడమ్‌ని బతిమాలాను. ఒకరికి జ్వరం వస్తే ఇంకొకరు. ముందు చేసిన పని కోర్టు గీతలు చెరిపి కొత్తవి వెయ్యడం. మా రోజుల్లో డి, అంటే రింగు ముందు ఫ్రీ త్రో గీత దాకా గీసే గడి, అడుగున వెడల్పుగా, పైకి సన్నంగా ఉండేది. 2010లో దాన్ని దీర్ఘచతురస్రం చేశారు, మూడు పాయింట్ల గీతని 6.25 నుంచి 6.75 మీటర్లకి జరిపారు. పాత గీత చెరుపుతుంటే, నిజం చెప్పొద్దూ, నా ఫ్రీ త్రోలు గుర్తొచ్చి కాస్త గట్టిగానే రుద్దాను.

పిల్లలకి ఆత్మవిశ్వాసం పెంచాలి అని అందరూ అంటారు, ఉపన్యాసాలిస్తారు. నేనూ మొదటి ఏడాది "నీకొచ్చు, నువ్వు చెయ్యగలవు" అని తెగ అరిచాను. పదేళ్ళ పిల్లలు 3.05 మీటర్ల ఎత్తున్న రింగుకేసి బంతి విసిరి విసిరి, అందక, "మాకు రాదు మేడమ్" అని కూచుండిపోయేవారు. నేను ఇంకా అరిచేదాన్ని. తర్వాత తెలిసింది, పన్నెండేళ్ళలోపు పిల్లల మినీ బాస్కెట్‌బాల్‌కి రింగు 2.60 మీటర్లే, బంతి అయిదో నంబరు. వెల్డింగ్ షాపులో ఇనప రింగు చేయించి గోడకి ఆ ఎత్తులో కొట్టించాం. ఒక పిల్ల, ఆర్నెల్లుగా ఒక్కటీ వెయ్యనిది, పది నిమిషాల్లో నాలుగు వేసి నా వైపు అనుమానంగా చూసింది, నేనేదో మోసం చేశానన్నట్టు. ఇన్నాళ్ళూ ఆ పిల్లకి ధైర్యం లేదనుకున్నాను. లేనిది ధైర్యం కాదు, రింగే నలభై అయిదు సెంటీమీటర్లు ఎక్కువుంది.

లేఅప్, అంటే పరుగున వచ్చి రింగు దగ్గర ఎగిరి బంతి వెయ్యడం, అది కూడా అంతే. కుడి, ఎడమ, పైకి అని నోటితో చెబితే కాళ్ళు ముడిపడతాయి. సుద్దముక్కతో నేల మీద పాదాలు గీస్తాం, ముగ్గు వేసినట్టు. కుడి పాదం మీద ఆర్, ఎడమ పాదం మీద ఎల్. బంతి లేకుండా ముందు వాటి మీద నడుస్తారు, తర్వాత పరుగు, తర్వాత బంతి. మూడో వారానికి సుద్ద చెరిగిపోతుంది, కాళ్ళకి గుర్తుండిపోతుంది. మాస్టారి గీతల నోట్‌బుక్కు మాత్రం అలాగే కొనసాగుతోంది, అమ్మాయిలే వంతులవారీగా రాస్తారు. దొంగలెక్కలు కూడా రాస్తారు, స్నేహితురాలికి రెండు ఎక్కువ.

బట్టల మీద మేం పట్టుబట్టం. షార్ట్స్, లెగ్గింగ్స్, ట్రాక్ ప్యాంటు, నడుముకి చున్నీ బిగించిన పంజాబీ డ్రెస్సు, ఏదైనా సరే. నెలసరి రోజుల్లో రావాలా వద్దా అన్నది పిల్ల ఇష్టం, కారణం అడగం, స్టూలు కింద డబ్బాలో ప్యాడ్లు ఉంటాయి. ఇది చెప్పకపోతే ఎనిమిదో తరగతిలో సగం మంది మాయమవుతారు. తల్లులతో మొదట్లో నేను పెద్ద మాటలు మాట్లాడేదాన్ని, బాస్కెట్‌బాల్ ఆడిన ప్రశాంతి సింగ్‌కి 2019లో, చెన్నై అనితకి 2021లో పద్మశ్రీ వచ్చిందని. మర్యాదగా విని, "మరి రైల్వేలో ఉద్యోగం వస్తాదా అమ్మా?" అని అడిగేవారు. స్పోర్ట్స్ కోటా ఉంది, కానీ మా క్లబ్బు నుంచి ఇప్పటిదాకా ఎవరికీ రాలేదు. అదే చెప్తాను.

ఒకటి దాచకుండా రాయాలి. నాలుగేళ్ళ క్రితం ఒక పిల్ల వరసగా మూడుసార్లు బంతి పోగొడితే, అందరి ముందూ, "నీ వల్ల కాదులే, వెళ్ళి కూచో" అన్నాను. అంతే, అయిదే మాటలు. వెళ్ళి చెట్టు కింద కూచుంది, షూ లేసులు విప్పుకుంది, మళ్ళీ కట్టుకుంది. మర్నాడు రాలేదు. రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను. చదువుకోవాలట అని వాళ్ళమ్మ చెప్పింది, పిల్ల లోపల్నుంచి బయటికి రాలేదు. నోట్‌బుక్కులో ఆ పిల్ల పేరు పక్కన ఆఖరి రోజు తొమ్మిది గీతలున్నాయి. ఇప్పుడు ఎవరు బంతి పోగొట్టినా మా దగ్గర ఒకటే కేక, "వెనక్కి!" అని. అంటే తల దించుకోకుండా డిఫెన్స్‌కి పరిగెత్తమని. ముందు నాకు నేను పెట్టుకున్న నియమం అది.

ఆఖరిగా ఒక విన్నపం. కిందటి సమావేశానికి షామియానా కోర్టు మీద వేశారు. ఇనప మేకులు దిగ్గొట్టిన చోట ఆరు గుంటలు పడ్డాయి, నాలుగు సిమెంటుతో పూడ్చాం, డి పక్కన రెండు ఇంకా ఉన్నాయి, మా పిల్లలు వాటిని తప్పించుకుని డ్రిబుల్ చెయ్యడం నేర్చుకున్నారు, బయటి జట్లు వచ్చినప్పుడు అదొక ప్లస్ పాయింటే అనుకోండి. అయినా ఈసారి షామియానా చింతచెట్టు అవతల వెయ్యండి. కార్లూ అక్కడే. శాలువాలు, మెమెంటోలు వద్దు, తెచ్చేవాళ్ళు ఆరో నంబరు బంతి తెండి. పొద్దున్నే లేవగలిగితే అయిదున్నరకి రండి, ఎవరినైనా ఆటలోకి తీసుకుంటాం, కాకపోతే పిలవకపోతే బంతి ఇవ్వరు, ఎంత పెద్ద ఆఫీసరైనా సరే.