మిషను తొక్కని కాళ్లు

విరేచనాలు తగ్గి పది రోజులైంది. పండగ జాకెట్లు కుడుతున్నాను. కాళ్లు పెడల్ మీదే ఉన్నాయి, మిషను మాత్రం తిరగదు. అరికాళ్లలో తిమ్మిరి. మర్నాటికి మెట్టెక్కలేకపోయాను.

మా ఊరి డాక్టరు తలెత్తి చూడలేదు. "ఆడోళ్లకి టెన్షన్లెక్కువమ్మా" అని బలానికి ఇంజెక్షన్ రాశాడు. మోకాలి కింద సుత్తితో ఒక్క దెబ్బ కొట్టుంటే కాలు ఎగరట్లేదని ఆయనకే తెలిసేది. అర నిమిషం పని!

మూడో రోజుకి తొడలూ లేవలేదు. శ్రీకాకుళం దాటించి విశాఖ తీసుకెళ్లారు. వెన్నులో సూది, నరాలకి కరెంటు పరీక్ష. రోగం పేరు గిలన్ బారే సిండ్రోమ్. కడుపులో క్రిమి మీదకి లేచిన ఒంటి రక్షణ సైన్యం పొరబడి నరాల మీద పడిందట. నరం చుట్టూ మైలిన్ అనే పొర ఉంటుంది, దాని మధ్య మధ్య సన్నటి ఖాళీలు. కబురు ఒక ఖాళీ నుంచి ఇంకో ఖాళీకి దూకుతూ సెకనుకి దాదాపు 50 మీటర్లు పోతుంది. టాకాలు వేసినట్టన్నమాట. పొర ఊడితే ఆ దూకుడు పోయి, కబురు దారిలోనే ఆగిపోతుంది.

ఆ రాత్రి ఐసీయూలో నా ఊపిరి బలం ఎంతుందో చూడ్డానికి నర్సమ్మ గంటగంటకీ వచ్చేది. "అప్పా, ఒక్క ఊపిరిలో అంకెలు చెప్పు." సాయంత్రం 28 దాకా చెప్పాను. పదకొండింటికి 20. రెండింటికి 14. వెంటిలేటరు తెచ్చి మంచం పక్కన పెట్టారు. 15 అందామని నోరు తెరిస్తే గాలి లేదు. బయట మా అత్త, "సూర్నారాయణా, నా కోడల్ని నాకిచ్చీ" అని ఏడుస్తోంది. తెల్లారి కూడా 14. తగ్గలేదు! నర్సమ్మ నా నుదురు తుడిచి వెళ్లింది. ఆవిడ పేరైనా అడగలేదు నేను.

ఇమ్యునోగ్లోబులిన్, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు, ఐదు రోజులెక్కించారు. పుస్తెలు తప్ప బంగారమంతా బ్యాంకుకెళ్లింది. నరాలకి మైలిన్ చుట్టే ష్వాన్ కణాలు మళ్లీ పొర చుడతాయి గానీ వాటికి తొందరుండదు. తొడలకి ముందొచ్చింది బలం, పాదాలకి ఆఖర్న. అరసవల్లిలో మార్చి, అక్టోబరుల్లో పొద్దుటి కిరణాలు స్వామి పాదాల మీద పడతాయి. మొక్కు తీర్చడానికెళ్లి నా పాదాలే చూసుకుంటూ నిలబడ్డాను. విరేచనాలో జ్వరమో తగ్గాక కాళ్ల నుంచి పైకి నీరసం పాకితే, దయచేసి రేపు చూద్దామనకండి.

మొన్న ఆ డాక్టరుగారింటి నుంచే ఆరు జాకెట్లొచ్చాయి. కుట్టాను. కూలిలో ఒక్క రూపాయి తగ్గించలేదు.