పర్మిషన్ లేదంది, అసలు లేనిది ఏవీఎక్స్

డాబాగార్డెన్స్‌లో నాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, బిల్లు బుక్కులు, పరీక్షల సీజన్లో ప్రాజెక్టు రికార్డులు. 2013లో షాపు కోసం అసెంబుల్ చేయించిన సీపీయూ ఒకటి పదేళ్లు పేజ్‌మేకర్‌తో, అనూ ఫాంట్లతో కాపురం చేసి, కంచరపాలెంలో మా అక్క వాళ్లింటికి చేరింది. హుద్‌హుద్ రోజున బీరువా మీదకెక్కించి టార్పాలిన్ కప్పితే బతికిన పెట్టె. ఎస్ఎస్‌డీ వేసి, ర్యామ్ 8 జీబీ చేసి, విండోస్ 10 ఎక్కించి మా మేనకోడలికి ఇచ్చాను. బీటెక్ మూడో ఏడు చదువుతోంది.

దాని ప్రాజెక్టు ఏమిటంటే, మేడ మీద సెన్సర్ పెట్టి నిమిషానికోసారి ఉష్ణోగ్రత, గాలిలో తేమ నమోదు చేయడం. ఆ లెక్కలు దాచడానికి మోంగోడీబీ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్, 6.0 వెర్షన్ వేసుకోవాలి. ఒక సాయంత్రం ఫోన్ చేసింది. "మావయ్యా, ఇన్‌స్టాల్ సగంలో ఆగిపోతోంది. పర్మిషన్ లేదంటోంది."

వెళ్లి చూశాను. పచ్చ గీత దాదాపు చివరిదాకా వచ్చి, ఒక చిన్న డబ్బా తెరుచుకుంటోంది. మోంగోడీబీ సర్వర్ అనే సర్వీస్ (తెర వెనక నడిచే ప్రోగ్రామ్) మొదలుకాలేదు, సిస్టమ్ సర్వీసులు మొదలుపెట్టేంత అధికారం మీకు ఉందో లేదో చూసుకోండి అని దాని సారాంశం. రీట్రై నొక్కితే మళ్లీ అదే. ఇగ్నోర్ నొక్కితే ఇన్‌స్టాల్ అయితే అవుతుంది, సర్వర్ మాత్రం నడవదు.

అధికారం అన్నాడు కదా అని మూడు సాయంత్రాలు దాని వెనకే పడ్డాం. రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అయింది. యాంటీవైరస్ ఆపడం అయింది. డేటా ఫోల్డర్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చాం. డౌన్‌లోడ్ పాడైందేమోనని మళ్లీ దించాం. దొంగ ఒక వీధిలో ఉంటే మేం ఇంకో వీధిలో తలుపులు కొడుతున్నాం. తెలిసిన మెకానిక్ ఒకాయన ఫోన్లోనే "మదర్‌బోర్డు పోయుంటుంది, మార్చేయండి" అన్నాడు. చూడకుండా చెప్పే జాతకం నాకు నచ్చదు.

నాలుగో రోజు కమాండ్ ప్రాంప్ట్‌లో మోంగోడీని, అంటే మోంగోడీబీ అసలు సర్వర్ ప్రోగ్రామ్‌ని, నేరుగా నడిపి చూశాను. ఒక్క ముక్క చెప్పలేదు. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు, కర్సర్ కింది లైన్లోకి వచ్చి కూర్చుంది. పర్మిషన్ గొడవే అయితే ఏదో ఒకటి తిట్టాలి కదా అనిపించింది. విండోస్ తన తప్పులు రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో అప్లికేషన్ కింద చూస్తే ఎర్రటి గుర్తులు వరసగా ఉన్నాయి, మేం ప్రయత్నించిన ప్రతిసారికీ ఒకటి. ఎక్సెప్షన్ కోడ్ దగ్గర సున్నా, ఎక్స్, సి, ఐదు సున్నాలు, ఒకటి, డి. విండోస్ భాషలో దానర్థం ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్. అంటే ప్రోగ్రామ్ ఇచ్చిన ఆదేశం ఈ ప్రాసెసర్‌కి తెలియదు.

అక్కడి నుంచి దారి తిన్నగా ఉంది. ప్రాసెసర్ వివరాలు చూపించే సీపీయూ-జడ్ అనే ప్రోగ్రామ్ వేసి ఇన్‌స్ట్రక్షన్స్ అనే వరస చూశాం. ఎస్ఎస్ఈ, ఎస్ఎస్ఈ2 అంటూ ఎస్ఎస్ఈ4.2 దాకా ఉన్నాయి. ఏవీఎక్స్ లేదు. మోంగోడీబీ 5.0 నుంచి ఏవీఎక్స్ ఉండి తీరాలని వాళ్ల డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది. చదవనిది మేమే.

ఏవీఎక్స్ అంటే లెక్కల్ని గుంపుగా చేసే ఆదేశాల కట్ట. దానికి ముందుతరం కట్ట ఎస్ఎస్ఈ ఒక్కసారికి 128 బిట్ల మీద పనిచేస్తే ఇది 256 బిట్ల మీద చేస్తుంది. అనూ ఫాంట్ లేని సిస్టమ్‌లో మన ఫైలు తెరిస్తే అక్షరాలు గజిబిజిగా వస్తాయి, అయినా తెరుచుకుంటుంది. ప్రాసెసర్ దగ్గర ఆ మొహమాటం ఉండదు. తెలియని ఆదేశం తగిలిందా, ప్రోగ్రామ్ అక్కడికక్కడే ఆగిపోతుంది.

నాకు మింగుడుపడనిది ఇంకోటి. ఏవీఎక్స్ ఉన్న ఇంటెల్ చిప్‌లు 2011లోనే వచ్చాయి. మాది పెంటియం జీ2030, 2013 సరుకు. మరి ఎందుకు లేదు? ఆ తరంలో కోర్ ఐ3, ఐ5, ఐ7లకు ఏవీఎక్స్ ఇచ్చి, చవకైన పెంటియం, సెలెరాన్‌లకు ఇవ్వలేదు. 2012లో వచ్చిన ఐ5-3470కి ఉంది, దాని తర్వాత వచ్చిన మా పెంటియంకి లేదు. ఆ రోజు షాపులో బేరమాడి మిగిల్చుకున్న డబ్బు ఇప్పుడిలా అడ్డం తిరిగింది.

ముందు ఖర్చు లేని దారి చూశాం. పాత 4.4 వెర్షన్‌కి ఏవీఎక్స్ అక్కర్లేదు. వేశాం, మొదటిసారికే సర్వీస్ లేచింది. మా అక్క బెల్లం టీ పెట్టింది. ఆ వెర్షన్‌కి సపోర్ట్ 2024 ఫిబ్రవరితో అయిపోయింది కాబట్టి ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టొద్దని చెప్పి ఇంటికొచ్చేశాను. మర్నాడు మళ్లీ ఫోన్. ప్రాజెక్టులో టైమ్ సిరీస్ కలెక్షన్ వాడాలట, అంటే సమయంతో పాటు వచ్చే లెక్కల్ని దాచే ప్రత్యేకమైన అర. అది వచ్చిందే 5.0లో! మాకు కావలసింది మొదలయ్యేదీ, మా చిప్ చేతులెత్తేసేదీ ఒకటే వెర్షన్.

"మామూలు కలెక్షన్లోనే తేదీ ఫీల్డ్ పెట్టుకోకూడదా చిన్నీ?"

"సారుకి చూపించిన సినాప్సిస్‌లో టైమ్ సిరీస్ అని రాసేశాను మావయ్యా."

క్లౌడ్‌లో మోంగోడీబీ వాళ్ల సేవ అట్లాస్ ఉంది, దాని ఉచిత ప్లాన్ 512 ఎంబీ ఇస్తుంది, దీనికి చాలు. కానీ సొంత సిస్టమ్‌లోనే నడిపి చూపించాలట.

ఇక ప్రాసెసర్ మార్చడమే మిగిలింది. మా బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు సాకెట్ 1155. ఐ5-3470 కూర్చునేదీ అందులోనే. మా పెంటియం కూడా అదే తరం కాబట్టి బయోస్ (బోర్డుని మొదలుపెట్టే ప్రోగ్రామ్) గొడవ ఉండదనుకున్నాను. షాపు పక్క సందులో సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది, 1,800 చెప్పి 1,500కి ఇచ్చాడు. పెంటియం 55 వాట్లు, ఇది 77 వాట్లు. అందుకని దానితో వచ్చిన కూలర్ కూడా అడిగి తీసుకున్నాను.

ఆదివారం పొద్దున్న పెట్టె విప్పాం. సముద్రపు గాలికి పక్క రేకు స్క్రూలు తుప్పుపట్టి, ఒకటి తల అరిగిపోయింది. కూలర్ తీస్తే కింద వేడిని లాగే పేస్ట్ ఎండిన సున్నంలా పెళ్లలు కట్టి ఉంది. పిన్నులు ప్రాసెసర్‌కి కాదు, బోర్డుకే ఉంటాయి. ఒక్కటి వంగినా బోర్డు మీద ఆశ వదులుకోవాల్సి రావచ్చు. చిన్నీ ఊపిరి బిగబట్టి గీతలు కలిపి చిప్‌ని పెట్టింది, లివర్ నేను దించాను. బఠాణీ గింజంత పేస్ట్, పైన కూలర్. ఆన్ చేస్తే ఫ్యాన్ తిరిగింది, స్క్రీన్ రాలేదు. టెన్షన్‌లో ఇద్దరం మాట్లాడుకోలేదు. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చితే వచ్చింది.

సీపీయూ-జడ్‌లో వరస చివర ఏవీఎక్స్ కనిపించింది. ఏవీఎక్స్2 లేదు, అది తర్వాతి తరానిది. 4.4 తీసేసి 6.0 వేశాం. పచ్చ గీత పాత చోటుకి వచ్చి ఒక్క క్షణం తటపటాయించి దాటిపోయింది.

సోమవారం షాపులో నా సిస్టమ్‌లోనూ సీపీయూ-జడ్ వేసి చూశాను. ఇదీ పెంటియమే. ఇంతలో పెళ్లి కార్డు ప్రూఫ్ కోసం పార్టీ వచ్చి కూర్చున్నారు. పేజ్‌మేకర్ తెరిచాను.