మేడమీది అద్దె నాకు చేసిన మర్యాద

మొన్న శుక్రవారం రిజిస్ట్రేషన్ అయిపోయింది. విశాఖపట్నం పీఎం పాలెంలో రెండు పడగ్గదుల ఫ్లాటు, కొత్తదేం కాదు, ఎనిమిదేళ్లది, 52 లక్షలు. అద్దెకివ్వడానికే కొన్నాం. స్కూల్లో అందరూ పార్టీ ఎప్పుడంటున్నారు. నాకు మాత్రం దసరా తర్వాత మొదలై ఫిబ్రవరి దాకా నడిచిన ఈ వ్యవహారంలో బ్యాంకులో గడిచిన పది నిమిషాలే కళ్లముందు తిరుగుతున్నాయి. ఎవరికో ఒకరికి చెప్పుకుంటే గానీ నిద్ర పట్టేలా లేదు.

మాది గోపాలపట్నం. నాన్న పసుపు కుంకుమ కింద రాసిచ్చిన ఇల్లు, నా పేరునే ఉంది. కింద మేం ఉంటాం, మేడమీద రెండు పోర్షన్లు అద్దెకిచ్చాం. ఒకటి 8,500, రెండోది 7,500. పదకొండేళ్లుగా ప్రతినెలా అయిదో తారీఖు లోపల అద్దె నా చేతిలో పడుతోంది. నోట్లే. స్టాఫ్ రూములో గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా, "అద్దంటే చేతికి రావాలి, ఫోన్లో టింగుమంటే ఏం లాభం" అని. ఆ డబ్బుతోనే అబ్బాయి కోచింగ్, పండగ బట్టలు, చీటీ. ఇన్‌కంటాక్స్ రిటర్నులో జీతం తప్ప ఇంకోటి ఎప్పుడూ చూపించలేదు. దాచాలని దాచింది కాదు. అద్దె కూడా ఆదాయమేనని నా బుర్రకి ఎప్పుడూ తట్టలేదు, అంతే. ఈ మాట మా ఆడిటర్ గారు నమ్మలేదు, మీరూ నమ్మక్కర్లేదు.

ఫ్లాటు వెతకడం తేలిగ్గానే అయింది. మా మరిది ముందు వేపగుంట వైపు చౌకగా ఉందని ఒక ఇల్లు చూపించాడు. పక్కనే పుట్టి పెరిగినదాన్ని, సింహాచలం దేవస్థానం పంచగ్రామాల గొడవ, అంటే ఆ అయిదు ఊళ్ల భూములు దేవస్థానానివా, ఉంటున్నవాళ్లవా అన్న తగాదా, నాకు తెలియంది కాదు. అడివివరం, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురం, వెంకటాపురం పేర్లు చెబితే చాలు, ఏ బ్యాంకు లాయరైనా కళ్లజోడు తీసి పక్కన పెడతాడు. చౌకగా వస్తోందంటే ఎందుకు చౌకో ముందు అడగాలి. నేను అడిగాను, మరిది అలిగాడు, ఇప్పటికీ మాట్లాడడం లేదు.

పీఎం పాలెం ఫ్లాటుకి ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు చూపే కాగితం) తీయించాం, లింకు డాక్యుమెంట్లు, అంటే పాత యజమానుల దస్తావేజులు, లాయరుకి చూపించాం, సర్వే నంబరు రిజిస్ట్రేషన్లు నిషేధించిన 22ఏ జాబితాలో లేదని చూసుకున్నాం, ప్లాను కాపీతో ఫ్లోర్లు సరిచూసుకున్నాం. అంతా శుభ్రంగా ఉంది. ధర దగ్గర మాత్రం బ్రోకరు చంపుకుతిన్నాడు. అప్పుడే అక్టోబరులో విశాఖకి గూగుల్ డేటా సెంటర్ వస్తోందన్న వార్త వచ్చింది కదా. "గూగులొస్తన్నాదమ్మా, ఇంకో నెలాగితే ఈ రేటుకి బాత్రూం కూడా రాదు" అని రోజుకి రెండుసార్లు ఫోను. మూడు లక్షలు బయానా ఇచ్చి, మూడు నెలల గడువుతో అగ్రిమెంటు రాసుకున్నాం. బ్యాంకు కథ తెలిసుంటే ఆరు నెలలు రాయించుకునేదాన్ని.

మా లెక్క ఇది. 40 లక్షలు లోను, మిగతాది మావారి రిటైర్మెంటు డబ్బు. 30 నుంచి 75 లక్షల మధ్య ఇంటి లోన్లకి విలువలో 80 శాతం దాకా ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన, కాబట్టి 40 వచ్చేయాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలపరు. అది మన రాష్ట్రంలో 5 శాతం స్టాంపు డ్యూటీ, ఒకటిన్నర ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, 1 శాతం ఫీజు. 52 లక్షలకి అదే 3 లక్షల 90 వేలు. దానికీ డబ్బు సర్దుకున్నాం. అంతా సరిగ్గా కూడుకున్నానని బ్యాంకుకి వెళ్లాను.

అక్కడ లోన్లు చూసే అబ్బాయికి నిండా ముప్ఫై ఏళ్లుండవు. కాగితాలు తిప్పి, "జీతం 80 వేలు. అందులో సగం వాయిదాలకి చూస్తాం, 40 వేలు. మీ బాబు చదువు లోను వాయిదా 9 వేలు పోతే 31. పదిహేనేళ్లకి 8 శాతం మీద 32 లక్షలొస్తుంది మేడం" అన్నాడు.

"అద్దె కలపలేదు బాబూ. నెలకి 16 వేలు వస్తోంది" అన్నాను.

"ఎక్కడ వస్తోంది మేడం?"

"మేడమీద."

వెనక క్యూలో ఎవరో నవ్వారు. అతను నవ్వలేదు, అదే ఇంకా బాధ. నా అకౌంటు స్టేట్‌మెంటు ఏడాదిది నా ముందు పరిచి, పెన్నుతో పైనుంచి కిందికి గీసుకుంటూ వచ్చాడు. "ఇందులో ఎక్కడా లేదు. రిటర్నులో లేదు. అగ్రిమెంటుందా?" ఉంది. 100 రూపాయల స్టాంపు పేపరు మీద పదకొండు నెలలది, ఎప్పుడో రాసింది, గడువు దాటి ఆరేళ్లయింది. తీసి ఇచ్చాను. అతను దాన్ని వెలుతురుకి పట్టి చూసి, "మా లెక్క ప్రకారం మీ ఇంట్లో అద్దెకి ఎవరూ లేరు మేడం" అన్నాడు.

ఇరవయ్యొక్క ఏళ్లు లెక్కలు చెప్పాను పిల్లలకి. స్టెప్పులు లేకపోతే ఆన్సరు కరెక్టయినా మార్కులు వెయ్యనని ఎంతమందిని ఏడిపించానో. ఆ స్టేట్‌మెంటు మీద అతను గీసిన గీతలు చూస్తుంటే ఆ పిల్లలందరూ నా వెనకాల నిలబడ్డట్టనిపించింది. పైగా లోను సంగతి తేలకుండానే ఇన్సూరెన్సు కాగితం ముందుకి తోశాడు, అది లేకపోతే ఫైలు కదలదన్నట్టు. వద్దంటే మొహం మాడ్చాడు. అది తప్పనిసరి కాదు, గట్టిగా అడిగితే వాళ్లే ఒప్పుకుంటారు. నాకు ఆ రోజు మిగిలిన పౌరుషం అంతా ఆ కాగితం మీదే చూపించాను.

ఏం చేస్తే అద్దె కలుపుతారంటే మూడు చెప్పాడు. రెండేళ్ల రిటర్నుల్లో అద్దె కనిపించాలి, రిజిస్టరు చేసిన అగ్రిమెంటు కావాలి, కనీసం మూడు నెలలు అద్దె బ్యాంకులో పడాలి.

రిటర్నుల పని ఆడిటర్ గారు చేశారు. 2024-25 ఏడాదికి 2025 డిసెంబరు 31 దాకా రివైజ్డ్ రిటర్ను వేసుకునే వీలుండేది, అసలు పన్ను, వడ్డీ కడితే సరిపోయింది. 2023-24కి ఆ గడువు దాటింది గనక అప్‌డేటెడ్ రిటర్ను, దానికి పన్ను, వడ్డీ మొత్తం మీద ఇంకో 25 శాతం పడింది. ఆలస్యమయ్యే కొద్దీ ఆ శాతం 50, 60, 70 అయిపోతుందట. వచ్చిన అద్దెలో 30 శాతం మరమ్మతుల కింద తీసేశాకే పన్ను, బిల్లులేవీ చూపించక్కర్లేదు. రెండేళ్లకీ కలిపి 47 వేల చిల్లర కట్టాను. కడుతూ ప్రభుత్వాన్ని తిట్టుకున్నాను. మావారు "పదకొండేళ్లది అడగలేదు, సంతోషించు" అన్నారు. రిటైరైన మనిషికి అన్నీ తేలిగ్గానే కనిపిస్తాయి.

అసలు కష్టం మేడమెక్కడం.

8,500 పోర్షన్లో ఉండే అబ్బాయి పరవాడలో ఫార్మా కంపెనీలో పనిచేస్తాడు. రెండేళ్ల కిందట అద్దె 8,300 నుంచి 8,500 చేశాను. మర్నాడే వచ్చి, "ఆంటీ, ఏడాది అద్దె లక్ష దాటితే ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏ, అదే ఇంటద్దె భత్యం, మీద పన్ను తగ్గించడానికి ఓనరు పాన్ నంబరు అడుగుతారు, ఇస్తారా" అన్నాడు. నేనేమన్నానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. "పాన్ కావాలంటే పాన్ ఇచ్చే ఇల్లు వెతుక్కో బాబూ" అన్నాను. పాపం వెతుక్కోలేదు, వాళ్ల పాపకి ఇక్కడే స్కూలు.

ఇప్పుడు అదే గుమ్మం ముందు నిలబడ్డాను, ఒక చేతిలో పాన్ జిరాక్సు, ఇంకో చేతిలో గిన్నెడు పులిహోర. అతను అంతా విన్నాడు. లోపలికెళ్లి ఒక నోటుపుస్తకం తెచ్చాడు. పాన్ లేక ఏడాదికి 14 వేల దాకా పన్ను ఎక్కువ కట్టానని అందులో లెక్క రాసుకున్నాడు, రెండేళ్లకీ. గొంతు పెంచలేదు. "అగ్రిమెంటు రెండేళ్లకి రాద్దామాంటీ, రెండేళ్లూ అద్దె పెంచకూడదు. పాన్ నంబరు అగ్రిమెంట్లోనే ఉండాలి" అన్నాడు. ఏడాది దాటిన లీజు చట్టప్రకారం రిజిస్టరు చేయించాల్సిందే, నాకు కావలసిందీ అదే. అయినా ఆ నిమిషంలో ఇంటికి ఓనరు ఎవరో నాకు అర్థం కాలేదు. ఒప్పుకున్నాను. పులిహోర వాళ్లావిడ తీసుకుంది.

రెండో పోర్షన్లో అప్పయ్యమ్మ, సాయంత్రం పూట బజ్జీల బండి. (పేరు మార్చాను, తిడుతుంది.) ఆవిడ దగ్గర కష్టమవుతుందనుకున్నాను, చదువు రాని మనిషి కదా అని. "సంతకం ఎట్టమంటే ఎడతానమ్మా. రేపు కాలీ సెయ్యమంటే మాత్రం నానొప్పుకోను" అంది. బ్యాంకులో వేస్తావా అంటే, ఫోన్‌పే చేసేస్తానంది. వీధి వ్యాపారులకిచ్చే పీఎం స్వనిధి లోను 10 వేలు, 20 వేలు, 50 వేలు మూడు విడతలూ తీసుకుని తీర్చేసిందట, "మీకింకా ఇవ్వలేదేటి బ్యాంకోళ్లు?" అని నన్నే అడిగింది. బండి దగ్గర అమ్మిన ప్రతి బజ్జీ ఫోన్‌పే డబ్బాలో మోగుతుంది. ఆవిడ ఆదాయం బ్యాంకుకి తెలుసు, నాది తెలియదు.

నవంబరు, డిసెంబరు, జనవరి. మూడు నెలలు అద్దె టింగుమంటూ అకౌంట్లో పడింది. ఈలోగా ఫ్లాటు అమ్మినాయన గడువు దాటుతోందని గొణిగాడు, ఇంకో లక్ష బయానా పెంచి నెల గడువు తీసుకున్నాం. లీజుల రిజిస్ట్రేషన్ ఒక్క పూటలో అయిపోయింది. బ్యాంకు అద్దెలో 70 శాతమే లెక్కలోకి తీసుకుని 38 లక్షలు ఇచ్చింది. మిగిలిన రెండు లక్షలకి నా గాజులు వెళ్లాయి. ఇచ్చే రోజు ఆ లోన్ల అబ్బాయి "చూశారా మేడం, చేస్తే అయిపోతుంది" అన్నాడు. అతను నా స్టూడెంటయి ఉంటే ఇంటర్నల్స్‌లో చూసుకునేదాన్ని.

ధర 50 లక్షలు దాటింది గనక కొన్నవాళ్లే అమ్మినాయన పన్ను కింద 1 శాతం టీడీఎస్ పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. 52 వేలు తగ్గించి ఇస్తే అమ్మినాయన దొంగని చూసినట్టు చూశాడు. ఇది ముందే అగ్రిమెంట్లో రాసుకోండి, రిజిస్ట్రేషన్ రోజు గొడవ ఉండదు.

ఒక్క మాట ఆడిటర్ గారు చెప్పింది వింటే మాత్రం ఒళ్లు మండింది. కొత్త ఫ్లాటుకి 16 వేలు అద్దె వచ్చినా, లోను వడ్డీ మొదటి ఏడాది మూడు లక్షలుంటుంది కాబట్టి ఆ ఫ్లాటు మీద లెక్కలో నష్టమే. కొత్త పన్ను విధానంలో ఆ నష్టం జీతంలోంచి తీసెయ్యరు. కానీ ఒక ఇంటి నష్టాన్ని ఇంకో ఇంటి అద్దెలోంచి తీసుకోవచ్చు. అంటే మేడమీది అద్దె మీద ఇకనుంచి కొన్నేళ్లు పన్నే పడదు. నేను దాచినన్నాళ్లూ పడాల్సిన పన్ను, చూపించడం మొదలెట్టాక పోయింది!

ఫార్మా అబ్బాయి ఈ నెలాఖరుకి ఆఫీసులో ఏడాది రసీదులు ఇవ్వాలట. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా నోట్లే ఇచ్చాడు, 5 వేలు దాటిన నగదు రసీదుకి రూపాయి రెవెన్యూ స్టాంపు ఉండాలి. ఏడు స్టాంపులు కావాలి. రెండు షాపుల్లో అడిగాను, లేవన్నారు. రేపు పోస్టాఫీసుకి వెళ్లాలి.