పర్లాకిమిడి కొమ్ము దువ్వెన

గత వర్షాకాలంలో ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక పాత మండువా ఇంట్లో 11 రాత్రులు చిత్రీకరించిన చిన్న హారర్ థ్రిల్లర్‌కు నేను శబ్దగ్రహణం చేశాను. చనిపోయిన అత్తగారు తెర మీద ఎక్కడా కనిపించకూడదని, తల దువ్వుకున్నాక ఆమె దువ్వెన పళ్ళను గోటితో మీటే చప్పుడు మాత్రమే వినిపించాలని దర్శకుడు మొదటి రోజే నిర్ణయించారు.

దాంతో భయమంతా ఒక దువ్వెన మీద ఆధారపడింది. ప్లాస్టిక్ దువ్వెన చప్పుడు మరీ పలుచగా ఉంది, చెక్కది మొద్దుగా పలికింది. కొమ్ము పనికి పేరుపడిన ఊళ్ళోనే ఉంటూ ఆ సంగతి మాకు మూడో రోజుకు గాని తట్టలేదు. ఆ పని చేసే ఒక పెద్దాయన గేదె కొమ్ము దువ్వెనను నా చేతిలో పెట్టి, "గట్టిగా ఒత్తకండి బాబూ, పళ్ళు ఇరిగిపోతాయి" అన్నారు. మైకును జానెడు దూరంలో ఉంచి ఒక్కొక్క పన్నునే మీటి, 96 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 96 వేల నమూనాలతో రికార్డు చేసి, సగం వేగంతో వినిపించాను. అలా చేస్తే శ్రుతి సరిగ్గా ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దిగుతుంది. ఆ చప్పుడు గోడ అవతల ఎవరో మెటికలు విరుచుకుంటున్నట్టు వినిపించింది.

వానతో మాత్రం పెద్ద పోరాటమే జరిగింది. వెనుక నుంచి లైటు పడకపోతే చినుకులు కెమెరాకు ఆనవు. లైటు పెట్టి వాటిని చూపిస్తే, వసారా రేకుల మీద వాటి మోతకు మాటలు వినపడవు. చివరికి రేకుల మీద గోనె సంచులు పరిచాం.

నాకు అన్నిటికంటే నచ్చినది కప్పల బెకబెక. పెరట్లో మనిషి అలికిడి కాగానే అవి ఒక్కసారిగా ఆగిపోతాయి. ఆ మౌనాన్ని విడిగా రికార్డు చేసి, దువ్వెన వినిపించే ప్రతిసారీ దానికి ముందు నాలుగు సెకన్లు వాడాం. భయపెట్టే సంగీతమేదీ అంత పని చేయలేదని నా నమ్మకం.

తొమ్మిదో రాత్రి, పెద్దాయన హెచ్చరించినట్టే, నా గోటి కింద ఒక పన్ను విరిగింది. నేను బాధపడుతుంటే దర్శకుడు ఆ రికార్డింగును మళ్ళీ మళ్ళీ విని, అలాగే ఉంచమన్నారు. అందుకే ద్వితీయార్ధంలో, కోడలు తలుపు గడియ తీసే దృశ్యం నుంచి, ఆ వరుసలో ఒక చప్పుడు తక్కువగా ఉంటుంది.